రిపోజిటరీలు కలపడానికి గిట్ ఫిల్టర్-రెపో: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

బ్యాకెండ్ ఒక రిపోజిటరీ (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ గిట్ భద్రపరిచే చోటు), అడ్మిన్ ప్యానెల్ ఇంకొకటి, రెండూ వాడుకునే లైబ్రరీ మరొకటి. ఇలా విడివిడిగా పెరిగినవాటిని ఒకేచోటికి తేవడం మా టీమ్‌లో తరచూ పడే పని. దానికి కొన్నేళ్లుగా నేను నమ్ముకున్నది గిట్ ఫిల్టర్-రెపో. రిపో చరిత్రను తిరిగి రాయడానికి ఎలైజా న్యూరెన్ రాసిన పైథాన్ స్క్రిప్ట్ ఇది. ఇదే పనికి గిట్‌లో ఉన్న పాత ఫిల్టర్-బ్రాంచ్ కమాండ్‌కు బదులు దీన్ని వాడమని గిట్ డాక్యుమెంటేషనే చెబుతుంది.

రిపోలు కలిపేటప్పుడు అందరికీ మొదట ఎదురయ్యేది 'రిఫ్యూజింగ్ టు మెర్జ్ అన్‌రిలేటెడ్ హిస్టరీస్' అనే ఎర్రర్. రెండు వైపులా ఉమ్మడి కమిట్ (చరిత్రలో నమోదైన మార్పు) ఒక్కటీ లేకపోతే గిట్ మెర్జ్ చేయనంటుంది, అంటే కలపనంటుంది. 2016లో వచ్చిన 2.9 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. వెతికితే దొరికే జవాబు 'అలౌ-అన్‌రిలేటెడ్-హిస్టరీస్' ఆప్షన్. ఆప్షన్‌లో తప్పేమీ లేదు, మొట్టమొదటే దాన్ని కొట్టడంతోనే చిక్కంతా. రెండు రిపోల్లోనూ రీడ్‌మీ, ప్యాకేజ్ జేసన్, గిట్‌ఇగ్నోర్ రూట్‌లోనే (అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో) ఉంటాయి కాబట్టి వరసగా కాన్‌ఫ్లిక్ట్‌లు (ఒకే ఫైలులో పొసగని మార్పులు) వస్తాయి. వాటిని చేత్తో సరిచేసి, ఆ తర్వాత ఫైళ్లను ఫోల్డర్లలోకి జరిపితే, ఆ ఫోల్డర్ మీద గిట్ లాగ్ కొట్టినప్పుడు పాత కమిట్లు కనపడవు. ఏ లైను ఎవరు రాశారో చూపే బ్లేమ్ ఫైళ్ల పేరు మార్పుల్ని తనంతట తానే పట్టుకుంటుంది కానీ లాగ్ పట్టుకోదు, 'ఫాలో' ఆప్షనేమో ఒక్క ఫైలుకే పనిచేస్తుంది. ఒక రిపోను ఇంకోదాంట్లో ఫోల్డర్‌గా చేర్చే గిట్ సబ్‌ట్రీ యాడ్ వాడినా ఇదే పరిస్థితి.

ఫిల్టర్-రెపో జరపడం ముందు చేస్తుంది, కలపడం తర్వాత. 'టు-సబ్‌డైరెక్టరీ-ఫిల్టర్' ఇచ్చి ఫోల్డర్ పేరు చెబితే, ఆ ఫైళ్లు మొదటి కమిట్ నుంచీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నట్టు చరిత్రంతా తిరిగి రాస్తుంది. ఇప్పుడు ఇందాకటి 'అలౌ' ఆప్షన్‌తో మెర్జ్ చేస్తే రెండు వైపులా ఒకే పాత్ ఉండదు, కాన్‌ఫ్లిక్టే రాదు. ఐదేళ్ల కిందటి మార్పు ఎందుకు చేశారో మామూలు లాగ్‌తోనే తెలుస్తుంది. నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే.

ఇది కూడా ఎర్రర్లు ఇస్తుంది. 'ఫ్రెష్ క్లోన్‌లా లేదు' (అప్పుడే తీసిన కొత్త కాపీ కాదు) అని ఆగిపోతే చాలామంది వెంటనే 'ఫోర్స్' కొడతారు. దయచేసి కొట్టకండి. చరిత్రను చెరిపి రాసే పనిముట్టుకు ఆ జాగ్రత్త ఉండాల్సిందే. అదే మెషీన్‌లోని ఫోల్డర్ నుంచి క్లోన్ చేస్తుంటే 'నో-లోకల్' ఇవ్వండి, సరిపోతుంది. పని అయ్యాక ఆరిజిన్ రిమోట్ (పాత రిపోకున్న లింకు) మాయమవుతుంది. మారిన చరిత్ర పొరపాటున పాత రిపోకు పుష్ కాకుండా కావాలనే అలా చేశారు. రెండు రిపోల్లోనూ ఒకే పేరున్న ట్యాగ్‌లు (వెర్షన్లకు పెట్టే గుర్తులు) ఉంటే, ట్యాగ్‌లతో సహా ఫెచ్ చేసినప్పుడు 'వుడ్ క్లాబర్ ఎగ్జిస్టింగ్ ట్యాగ్' వస్తుంది. ముందే 'ట్యాగ్-రీనేమ్'తో పేర్లకు ముందు ప్రాజెక్టు పేరు చేర్చుకోండి. ఎప్పుడో తీసేసిన పెద్ద ఫైలు చరిత్రలో ఉండిపోయినా 100 ఎంబీ దాటితే గిట్‌హబ్ పుష్‌ను తిప్పికొడుతుంది. 'ఎనలైజ్' ఆ ఫైలేదో చూపిస్తుంది, 'స్ట్రిప్-బ్లాబ్స్-బిగ్గర్-దాన్' తీసేస్తుంది.

దీని చేతిలో లేనివీ ఉన్నాయి. సబ్‌మాడ్యూల్స్ (లింకుగా చేర్చిన వేరే రిపోలు) ఉన్న రిపోను జరిపితే వాటి వివరాలుండే గిట్‌మాడ్యూల్స్ ఫైలు కూడా లోపలి ఫోల్డర్‌లోకి పోతుంది. గిట్ దాన్ని రూట్‌లోనే వెతుకుతుంది, అందుకే 'నో సబ్‌మాడ్యూల్ మ్యాపింగ్ ఫౌండ్' అంటుంది. ఆ ఎంట్రీలను రూట్‌కు తెచ్చి పాత్‌లు మార్చాలి. ఆటోమేటిక్‌గా పనులు నడిపే గిట్‌హబ్ వర్క్‌ఫ్లోలదీ అదే కథ: రూట్‌లో లేకపోతే నడవవు, ఎర్రర్ కూడా రాదు.

కమిట్ హ్యాష్‌లన్నీ (ఒక్కో కమిట్‌కుండే గుర్తింపు కోడ్‌లు) మారిపోవడం నాకు నిజంగా కష్టంగా అనిపించే విషయం. కమిట్ మెసేజ్‌ల్లోని పాత హ్యాష్‌లను ఫిల్టర్-రెపోయే సరిచేస్తుంది, టికెట్లలో అతికించినవి మాత్రం అనాథలవుతాయి. డాట్ గిట్ ఫోల్డర్ లోపలుండే ఫిల్టర్-రెపో ఫోల్డర్‌లో 'కమిట్-మ్యాప్' అనే ఫైలుంటుంది, ఏ పాత హ్యాష్ ఏ కొత్తదైందో అందులో ఉంటుంది. క్లోన్ డిలీట్ చేసేముందు దాన్ని దాచిపెట్టండి.

పాత రిపో కూడా బతికే ఉండి, మార్పులు అటూ ఇటూ తిరగాలంటే సబ్‌ట్రీయే మేలు. ఒక్కసారి కలిపి పాతదాన్ని మూసేస్తుంటే మాత్రం ఫిల్టర్-రెపోయే వాడండి. ఇంకా మెర్జ్ కాని బ్రాంచ్‌లు ఎవరి దగ్గరైనా మిగిలితే ఫార్మాట్-ప్యాచ్‌తో ప్యాచ్‌లుగా (మార్పులున్న ఫైళ్లుగా) తీసి, కొత్త రిపోలో గిట్ ఏఎమ్‌కు 'డైరెక్టరీ' ఆప్షన్ ఇచ్చి ఎక్కించండి, ప్యాచ్‌లు నేరుగా ఆ ఫోల్డర్‌లోనే పడతాయి.