205 సిరీస్: టోక్యో నుంచి జకార్తా దాకా పరుగెత్తిన పొదుపు లోకల్

1985 మార్చిలో టోక్యో నడిబొడ్డున గుండ్రంగా తిరిగే యమనోతె లైన్‌లోకి వచ్చిన కరెంటు లోకల్ రైలు 205 సిరీస్‌కు రంగు లేదు. అప్పటిదాకా అక్కడ తిరిగిన 103 సిరీస్ పెట్టెలు నిలువెల్లా ఆకుపచ్చ. ఉక్కు ఒళ్లు కాబట్టి తుప్పు, దాంతో మళ్లీ మళ్లీ పెయింటు. కొత్తదానికి స్టెయిన్‌లెస్ ఒంటిమీద ఒక్క ఆకుపచ్చ పట్టీ చాలింది. బరువూ తగ్గింది.

అసలు పనితనం మాత్రం పెట్టెల అడుగున ఉంది. దీనికి ముందొచ్చిన 201 సిరీస్‌లోని థైరిస్టర్ చాపర్ (కరెంటును క్షణానికి ఎన్నోసార్లు ఆపి వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) కరెంటు ఆదా చేసేది గానీ, అప్పుల్లో మునిగిన జపాన్ జాతీయ రైల్వేకి ఆ ఖరీదు గుదిబండ. అందుకే 205లో పాత పద్ధతికే ఒక కిటుకు తగిలించారు. బయల్దేరేటప్పుడు పాత రైళ్లలాగే మోటారుకు వెళ్లే కరెంటును అడ్డే రెసిస్టర్లు మెట్టుమెట్టుగా తప్పుకుంటాయి. ఈ రైళ్లలో వాడే ‘సిరీస్ మోటారు’ అనే రకంలో ఆర్మేచర్‌లో (తిరిగే భాగంలో) పారే కరెంటే అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డు చుట్టల్లోనూ పారుతుంది, రెండింటినీ విడదీసి ఆడించలేం. ఇక్కడ లైట్లకూ చల్లటి గాలి ఏసీకీ కరెంటిచ్చే మోటార్-జనరేటర్ నుంచి కొంత తీసి, డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చి, ఫీల్డు చుట్టల్లోకి అదనంగా ఎక్కించారు. బ్రేకు వేసినప్పుడు ఆ అదనపు కరెంటు పెంచితే, మోటార్లు పుట్టించే వోల్టేజి పైతీగలోని 1500 వోల్టులను మించి కరెంటు వెనక్కి పోతుంది. చాపర్ లేకుండానే ఆదా!

మెలిక ఒకటుంది. వెనక్కి పంపిన కరెంటును వాడుకోవడానికి దగ్గర్లో ఇంకో రైలు ఉండాలి. రెండుమూడు నిమిషాలకో రైలు తిరిగే యమనోతెలో ఆ ఇబ్బంది లేదు. రద్దీ తక్కువ లైన్లలో తీసుకునేవాళ్లు లేక పైతీగ వోల్టేజి పెరిగిపోతుంది, ఇలా కరెంటును వెనక్కి పంపే రీజనరేటివ్ బ్రేకు పట్టు వదిలేస్తుంది. ఆ భారం ఎయిర్ బ్రేకు మీద పడి బ్రేకు షూలు అరుగుతాయి. ఇంత మంచి బండిని పల్లె లైన్లకు పంపినప్పుడు సగం సుగుణం ఇంట్లో వదిలేసి వచ్చినట్టే.

లోపల అంతా కొలిచినట్టుంటుంది. 20 మీటర్ల పెట్టె, పక్కకు నాలుగు తలుపులు, తలుపుల మధ్య ఏడుగురి బెంచీలు, చివర్లలో ముగ్గురివి. మధ్య పెట్టెలో మొత్తం 54 సీట్లు. పట్టాల వెడల్పు 1067 మి.మీ., అంటే మన పాత మీటర్ గేజ్ కంటే 67 మాత్రమే ఎక్కువ. మొదటి నాలుగు రైళ్లకు కిటికీ రెండు ముక్కలు. ఐదో రైలు నుంచి పైనుంచి కిందికి దిగే ఒకే పెద్ద అద్దం. తలుపు అద్దాలు మాత్రం చిన్నవే. 1988లో యొకొహామా లైన్ రైళ్లతో గానీ అవి పెద్దవి కాలేదు.

చిరాకు పుట్టించేది ఆరు తలుపుల పెట్టె. 1991లో యమనోతె రైళ్లను 11 పెట్టెలకు పెంచినప్పుడు చేర్చారు. ఉదయం 10 దాకా సీట్లు మడిచి ఉంచేవారు. జనం త్వరగా ఎక్కిదిగారు, నిజమే. ముసలివాళ్లకు మాత్రం అది పశువుల కొట్టమే.

1993లో వచ్చిన 209 సిరీస్ ఆలోచన వేరు: బరువు సగం, ఖర్చు సగం, ఆయుష్షూ సగం. దాని ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు) మోటార్లకు తిరిగే భాగానికి కరెంటు అందిస్తూ అరిగిపోయే కార్బన్ బ్రష్షులు మార్చే బాధ లేదు. 205 డీసీ మోటార్లకు ఆ చాకిరీ తప్పదు. అయినా టోక్యో మీదుగా వెళ్లే కెయిహిన్-తొహొకు లైన్‌లో 209 కథ 2010లో ముగిసింది. దానికంటే ముందు పుట్టిన 205లు టోక్యో దగ్గరి త్సురుమి లైన్‌లో 2024 దాకా పరుగెత్తాయి. టోక్యో శివార్లలోని ముసాషినో లైన్‌కు వెళ్లిన చాలావాటికి ఏసీ మోటార్లు, వాటి వేగాన్ని నియంత్రించే వీవీవీఎఫ్ అనే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి, ఎనిమిది పెట్టెల్లో నాలుగు మోటారు పెట్టెలతోనే లాగించారు.

తయారైనవి 1,461 పెట్టెలు. 2013 నుంచి వాటిలో సగానికి పైగా జకార్తా చేరాయి. అక్కడా 1067 గేజే, 1500 వోల్టుల డీసీయే, కాబట్టి పెద్ద మార్పులు అక్కర్లేదు. రాళ్ల దెబ్బలు తగలకుండా ముందు అద్దానికి ఇనుప జాలీ, ప్లాట్‌ఫారం తక్కువ ఎత్తున్న స్టేషన్ల కోసం తలుపుల కింద మెట్లు బిగించారు.