చిన్న సేంద్రియ తోటలో సభ్యత్వం: కొన్నేళ్లు పనిచేశాక నా సమీక్ష

కేవలం కూరగాయల కోసమే అయితే ఈ సభ్యత్వం అక్కర్లేదు. సేంద్రియ కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేను కొన్నేళ్లుగా ఓ చిన్న సేంద్రియ తోటలో వాటా సభ్యత్వం తీసుకుంటున్నాను. సీజన్ మొదట్లోనే డబ్బు కట్టేస్తాం, వారం వారం మా వంతు పంట తెచ్చుకుంటాం, వీలున్నప్పుడల్లా వెళ్లి పని చేస్తాం. ఏటేటా నాతో సభ్యత్వం కట్టిస్తున్నది ఆ పనే. అందుకే బుట్టలో ఏమొస్తుందో క్లుప్తంగా చెప్పి, తోటలో మాచేత ఏం చేయిస్తారో ఎక్కువ రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. జపాన్‌లో 1970ల్లోనే రైతులూ వినియోగదారులూ ‘తెయికెయి’ పేరుతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. అమెరికాలో ఇలాంటి తోటలు 1986లో మసాచుసెట్స్‌లో ఒకటి, న్యూ హాంప్‌షైర్‌లో ఒకటి మొదలయ్యాయి. పండితే అందరికీ, పోతే నష్టమూ అందరిదీ అన్నదే దీని మూలసూత్రం. కాగితం మీద ఇది చాలా బాగుంటుంది. ఒక ఏడు ఎడతెరిపి లేని వానలకు టమాటా అంతా తెగులు తగిలి మాడిపోయింది. వారాల తరబడి బుట్టలో ఆకుకూరలు, ముల్లంగి తప్ప ఇంకేమీ రాలేదు. కొందరు మానేశారు. ఉండిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆ వానల్లో తడుస్తూ మళ్లల్లోంచి నీళ్లు బయటికి పోవడానికి కాలవలు తీసినవాళ్లే. నీళ్లు నిలిచిన మడిని కళ్లారా చూసినవాళ్లకు బుట్ట ఎందుకు వెలితిగా ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక పనుల సంగతి. వానలకు ముందు జరిగే పెద్ద పని కంపోస్టు కుప్ప తిరగేయడం. మొదట్లో ఇది నాకు బలం పెట్టి చేసే పనిలాగే కనిపించింది. తోట చూసుకునే అక్క దాన్ని నేర్పే తీరే వేరు. ముందు పొడవాటి థర్మామీటర్ కుప్ప నడుమకు గుచ్చి అంకె చదవమంటారు. తర్వాత ఓ పిడికెడు తీసి గట్టిగా పిండమంటారు. ఒకటి రెండు చుక్కలు జారితే తేమ సరిపోయింది. ధారగా కారితే ఎండుటాకులు కలపాలి, అసలు తడే తగలకపోతే నీళ్లు చల్లాలి. ముక్కుపుటాలు అదిరేంత అమ్మోనియా ఘాటు వస్తే పచ్చి ఆకులు, కూరగాయల చెత్త లాంటి పచ్చి సరుకు ఎక్కువైనట్టు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపలికి గాలి ఆడట్లేదన్నమాట. ఎండు, పచ్చి సరుకు కలిపేటప్పుడు కార్బన్, నత్రజని 25 నుంచి 30కి 1 పాళ్లలో ఉండేలా చూస్తారు. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో, పొడవాటి వరుసగా పోసిన కుప్పలో 55 నుంచి 77 డిగ్రీల సెల్సియస్ వేడి 15 రోజులు నిలవాలి, ఆలోగా కనీసం 5 సార్లు తిరగేయాలి అని ఉంది. మా తోట ఆ లెక్కనే పాటిస్తుంది. ఏ రోజు ఎంత వేడి ఉందో, ఎవరు తిరగేశారో కుప్ప పక్కనే బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ వేడికే రోగాలు తెచ్చే క్రిములు, చాలామటుకు కలుపు గింజలు చస్తాయి. అందుకే బోర్డు మీద ఒక్క రోజు అంకె లేకపోయినా ఇప్పుడు సభ్యులే అడుగుతున్నారు. సభ్యుల భాగస్వామ్యం అంటే నా దృష్టిలో ఇదే.

పచ్చిరొట్ట, అంటే పచ్చి పైరునే ఎరువుగా నేలలో కలిపే పని, ఒక్క పూటలో అయిపోతుంది కానీ పిల్లలకు ఇదంటేనే ఇష్టం. జనుము పూతకు రాగానే నేలలో కలియదున్నేస్తారు. దానికి ముందు రెండు మూడు మొక్కలు వేళ్లతో సహా పెకలించి అందరి చేతికీ ఇస్తారు. వేళ్లకు ఆవగింజంత, మిరియమంత బుడిపెలు ఉంటాయి. గోటితో చిదిపితే లోపల గులాబీ రంగు కనబడాలి. అలా ఉంటే అందులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తోందని అర్థం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ పని జరగట్లేదన్నట్టు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఎక్కని పాఠం, ఓ పదేళ్ల పిల్ల తన గోటికి అంటిన ఎర్రటి తడి చూసుకుంటూ క్షణంలో పట్టేసింది.

కలుపు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి మంచి వానలు పడ్డాక తోటకు నిజంగా మనుషులు కావాల్సింది అప్పుడే, జనం పలచబడేదీ అప్పుడే. నడుం వంచి గంటల తరబడి చేయాల్సిన పని, పైగా ఫొటోలకు పనికొచ్చేదీ కాదు. తుంగ అయితే మరీ మొండిది. పైన ఆకు పట్టుకు లాగితే ఆకే చేతికొస్తుంది, అడుగున గడ్డ ఉండిపోయి వారం తిరిగేసరికి మళ్లీ తలెత్తుతుంది. సన్నటి పారతో పక్క నుంచి తవ్వి, గడ్డల దండ తెగకుండా బయటికి తీయాలి. ఇది ఓపిగ్గా నేర్పించడం, ఎండెక్కకముందే పని ముగించడం, మళ్ల నడుమ శాశ్వతంగా నడక దారులు వదిలి వాటిమీదే నడవమని గట్టిగా చెప్పడం ఈ తోటలో నాకు బాగా నచ్చిన విషయాలు. ఎక్కువమంది మడిలోకి దిగి తొక్కితే మట్టి గట్టిపడి, పెట్టిన ఎరువు అక్కరకు రాకుండా పోతుంది. సాయానికొచ్చిన జనం వల్లే నేల పాడయ్యే తోటలు కూడా చూశాను కాబట్టి ఈ పట్టుదల విలువ తెలుసు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది గుమ్మడి విత్తనం పని. మా తోటలో హైబ్రిడ్లు కాకుండా సూటి రకాలే వేస్తారు, దాచిన గింజ మళ్లీ అదే రకం ఇవ్వాలి కాబట్టి. కానీ దగ్గర్లో ఇంకో రకం గుమ్మడి ఉంటే తేనెటీగలు రెండింటి పుప్పొడినీ కలిపేస్తాయి. ఈ ఏడు కాయలో ఏ తేడా కనబడదు, దాని గింజ నాటిన తర్వాతి పంటలో బయటపడుతుంది. అందుకని మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ముందురోజు సాయంత్రమే గుర్తుపట్టాలి. పచ్చదనం పోయి పసుపు తిరిగి, కొన మాత్రం ఇంకా ముడుచుకునే ఉంటుంది. ఆడమొగ్గ కింద బుల్లి పిందె ఉంటుంది, మగమొగ్గకు సన్నటి కాడే. రెండింటి కొనలకూ దారం కట్టి వదిలేస్తాం. తెల్లవారుతూనే వెళ్లి మగపువ్వు తెంపి, రేకలు వలిచేసి, నడిమధ్య కాడకున్న పుప్పొడిని ఆడపువ్వు లోపల మెల్లగా అద్దాలి. తర్వాత ఆ పువ్వును మళ్లీ మూసి కట్టేసి, తొడిమకు రంగు గుడ్డపేలిక చుట్టాలి. కొద్ది రోజుల్లో పిందె ఊరితే కుదిరినట్టు, పసుపుపచ్చబడి రాలితే ఇంకో పువ్వు చూసుకోవాల్సిందే. గుడ్డపేలిక ఉన్న కాయ కోతకొచ్చేదాకా మా అందరికీ ఒకటే టెన్షన్. ఎవరు తోటకెళ్లినా ముందు దాన్నే చూసొచ్చి కబురు చెబుతారు.

టమాటా విత్తనం తేలిక. గింజల్ని గుజ్జుతో సహా సీసాలో రెండు మూడు రోజులు పులియనిస్తే చుట్టూ ఉన్న జిగురు పొర వదిలిపోతుంది, గట్టి గింజలు అడుక్కి దిగుతాయి, తాలు పైకి తేలుతుంది. కడిగి నీడన ఆరబెట్టడమే. అలా తీసిన గింజల్లో కొన్ని సభ్యులందరికీ పంచుతారు. తోటలో ఏదైనా కారణంతో విత్తనం పోతే ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుందన్న ధైర్యం.

కోతల రోజు సందడి గురించి పెద్దగా రాయను. ఆకుకూరలు చల్లటి వేళ కోయడం, నీళ్లలో ముంచి నీడలో పెట్టడం, తూకం, బుట్టలు సర్దడం అన్నీ చకచకా సాగిపోతాయి. ఏడాదికోసారి బయటివాళ్లను పిలిచి చేసే కోతల వేడుక మాత్రం నాకు అంతగా నచ్చలేదు. వచ్చినవాళ్లు కాయలు కోసుకుని వెళ్లిపోతారు, తర్వాత సర్దడానికే రెండు రోజులు పడుతుంది. ఆ శ్రమే కలుపు రోజులకు మనుషుల్ని కూడగట్టడం మీద పెడితే తోటకు ఎక్కువ మేలు.

లోటుపాట్లూ ఉన్నాయి. కబురు ఆలస్యంగా పంపుతారు. రేపు పొద్దున పనికి ఇవాళ రాత్రి మెసేజ్ వస్తే ఉద్యోగస్తులు ఎలా రాగలరు? వాన మీద ఆధారపడిన పనికి ముందే తేదీ చెప్పలేమంటారు, అది నిజమే. కంపోస్టు, విత్తనాల పనులకు ఆ ఇబ్బంది లేదు కదా. పెద్దవయసు వాళ్లకు, కిందకు వంగలేని వాళ్లకు పని చాలాకాలం చూపించలేదు. అడగ్గా అడగ్గా ఇప్పుడు నారు ట్రేలు, గింజల శుభ్రం బల్లల మీద పెడుతున్నారు. ఆ బల్లల దగ్గర కూర్చునే పెద్దవాళ్లే విత్తనాల లెక్కలన్నీ చూస్తున్నారు. మరుగుదొడ్డి దూరంగా ఉంది, నీడ తక్కువ. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు ఇది గమనించాలి.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. పనికి అందర్నీ పిలుస్తారు కానీ వచ్చే సీజన్‌లో ఏం వేయాలో, డబ్బు దేనికి ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించేటప్పుడు మమ్మల్ని పిలవరు. నష్టంలో వాటా ఉన్నవాళ్లకు నిర్ణయంలోనూ కొంత మాట ఉండాలి. లెక్కలు అడిగితే చూపిస్తారు, దాపరికం లేదు. అయితే పంటల ప్రణాళిక అయిపోయాక చెప్పడం వేరు, వేసేముందు కూర్చోబెట్టి అడగడం వేరు. ఏ ఇంట్లో ఏ కూర మిగిలిపోతోందో మమ్మల్ని ముందే అడిగి ఉంటే, ఒక సీజన్‌లో బుట్టనిండా వచ్చిపడ్డ వంకాయలు సగానికి తగ్గేవి.

మీరు ఇలాంటి చోట చేరాలనుకుంటే ఒకసారి కలుపు రోజున వెళ్లి చూడండి. ఎరువు ఎప్పుడు తయారైందో రాసి ఉందా, విత్తనం ఎక్కడిదో చెప్పగలరా, కొత్తవాళ్ల పక్కన నిలబడి ఎవరైనా నేర్పుతున్నారా అన్నవి ఆ ఒక్క పూటలోనే తెలిసిపోతాయి. పంట పోయిన ఏడు సభ్యులకు ఏం చెప్పారో పాత సభ్యుల్ని అడగండి. వారానికి ఇన్ని రకాలు తప్పకుండా కావాలనుకునేవాళ్లకు, అసలు తోటకు వెళ్లే తీరిక లేనివాళ్లకు ఇది సరిపడదు, డబ్బు వృథా అనిపిస్తుంది. నేనైతే వచ్చే సీజన్‌కు కూడా వాటా కట్టాను. పంటల ప్రణాళిక సమావేశానికి సభ్యుల తరఫున ఇద్దరినైనా పిలవమని మరికొందరితో కలిసి రాసిచ్చాం, ఆలోచిస్తామన్నారు.