రెండు రోజులకు ఏ కొండ మేలు: కొడైకెనాలా, ఏర్కాడా, ఏలగిరా?

శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసేసి సోమవారం పొద్దున మళ్ళీ తెరవక తప్పనివాళ్ళ కోసం ఈ లెక్క. బెంగళూరులో ఉంటున్న మాలాంటివాళ్ళకైనా, చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళకైనా, కొండ మీద చెరువున్న ఊరు కావాలంటే అందుబాటులో మూడున్నాయి: కొడైకెనాల్, ఏర్కాడు, ఏలగిరి. మూడూ తమిళనాడులోవే. ఊటీని కావాలనే వదిలేశాను. అది చిన్న ఊరుగా ఉండే రోజులు ఎప్పుడో పోయాయి.

అందమొక్కటే చూసుకుంటే కొడైకి పోటీ లేదు, ఆ మాట ముందే ఒప్పేసుకుంటాను. దాదాపు 7,000 అడుగుల ఎత్తు. చెరువు 1863 నాటిది. మదురై కలెక్టరుగా చేసిన లెవింజ్ దొర పూనుకుని కట్టించాడు. నక్షత్రం ఆకారం అంటారుగానీ ఒడ్డున నడిచేవాడికి ఆ ఆకారం ఎక్కడా తెలియదు. మలుపు తిరిగిన ప్రతిసారీ కొత్త చెరువు కనబడుతున్నట్టే ఉంటుంది. చుట్టూ ఐదు కిలోమీటర్ల రోడ్డు, అద్దె సైకిళ్ళు. పొద్దున ఆరింటికి లేచి నడిస్తే, మంచులో ఎదురొచ్చే మనిషి కంటే ముందు ఆయన దగ్గు వినిపిస్తుంది. ఆ గంట కోసం కొడైకి పోవచ్చు. చదువు మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే అక్కడి సౌర పరిశోధనశాల గురించి చెప్పండి. సూర్యుడి మచ్చల్లో వాయువులు మధ్య నుంచి అంచుల వైపు పారుతున్నాయని 1909లో ఎవర్‌షెడ్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టింది అక్కడే.

చిక్కంతా దారితోనే. బెంగళూరు నుంచి సుమారు 460 కిలోమీటర్లు. కొండ కింద బత్తలగుండు ఊరు దాటాక ఘాటు రోడ్డే రెండు గంటలు తింటుంది. శనివారం మధ్యాహ్నం వెండిధార (సిల్వర్ కాస్కేడ్) జలపాతం దగ్గర బండ్లు ఆగాయంటే ఆ రెండు మూడవుతాయి. 2024 మే నుంచి సొంత బండికీ ట్యాక్సీకీ ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, కూడా ఉండాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో వచ్చిన ఏర్పాటు అది. 2025 వేసవిలో అయితే వారాంతానికి రోజుకు 6,000 బండ్లే అని పరిమితి కూడా పెట్టారు. ప్రభుత్వ బస్సుకు ఆ బాధ లేదు. చెన్నైవాళ్ళకు ఇంకో సుఖం ఉంది: రాత్రి పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే కొడైకెనాల్ రోడ్డు స్టేషన్‌లో దిగొచ్చు. కానీ అక్కడి నుంచి కొండమీదికి ఇంకో 80 కిలోమీటర్లుంది. స్టేషన్ పేరు చూసి చాలామంది మోసపోతారు.

మొదటిసారి అమ్మను తీసుకుని శుక్రవారం రాత్రే బయల్దేరాను. 'చెరువు కనబడే గది' అని ఎక్కువ డబ్బు కట్టించుకున్నారొక బసలో. కిటికీలోంచి చూస్తే యూకలిప్టస్ చెట్లు, నీళ్ళ ట్యాంకు. అడిగితే కుర్రాడు బాల్కనీ చివరికి తీసుకెళ్ళి, మెడ ఎలా వంచాలో చూపించాడు. అమ్మ కూడా వంచి చూసి, "చెరువుకేం రా, మనూళ్ళోనూ ఉంది. ముందు నన్ను కాసేపు పడుకోనీ" అంది. ఘాటులో నిమ్మకాయ వాసన చూస్తూ వచ్చిన మనిషి. మర్నాడు స్తంభాల రాళ్ళ (పిల్లర్ రాక్స్) దగ్గరికి పోతే మబ్బు కమ్మేసి ఉంది, ఉత్త తెలుపు. ఆదివారం మధ్యాహ్నానికే దిగిపోవాలి కనక ఇంకోసారి చూసే వీల్లేకపోయింది. మూడు రాత్రులుంటే మబ్బు ఎప్పుడో ఒకప్పుడు తప్పుకుంటుంది. ఒక రాత్రికి పోయినవాడికి మబ్బే మిగులుతుంది.

ఏర్కాడు లెక్క వేరు. తమిళంలో ఏరి అంటే చెరువు, కాడు అంటే అడవి. ఊరిపేరులోనే రెండూ ఉన్నాయి. బెంగళూరుకు దాదాపు 230 కిలోమీటర్లు. తెల్లవారి ఐదింటికి బయల్దేరి, కృష్ణగిరి దాటాక ఇడ్లీ తిని, పదిన్నరకు పైన ఉంటాం. సేలం నుంచి 30 కిలోమీటర్లలోపే, ఇరవై హెయిర్‌పిన్ మలుపులు. తమిళంలో వాటిని 'కొండై ఊసి' అంటారు, కొప్పులో గుచ్చుకునే సూది అని. బోర్డుల మీద ఎన్నో మలుపో రాసి ఉంటుంది. వెనక సీట్లో పిల్లలు లెక్కపెడుతుండగానే ఘాటు అయిపోతుంది. సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు శబరి ఎక్స్‌ప్రెస్ సేలంలో ఆగుతుంది.

నిజం చెప్పాలంటే ఏర్కాడు చెరువు కొడైతో తూగదు. చిన్నది. ఆదివారం పడవల రేవులో కేకలు, ఒడ్డున మిరపకాయ బజ్జీల నూనె వాసన. (ఆ బజ్జీలను తప్పుపట్టను. చలిలో రెండో ప్లేటు చెప్పించే రకం.) ఏర్కాడు అసలు సుఖం చెరువు దాటాక కాఫీ తోటల్లో ఉంది. 1820ల్లో సేలం కలెక్టరు కాక్‌బర్న్ ఇక్కడ కాఫీ నాటించాడు. ఇప్పటికీ ఏ పక్కదారి పట్టినా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పైదాకా పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడి పది రోజులైతే కొమ్మ పొడవునా తెల్లటి పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి, మల్లెపూల వాసన. మూడు నాలుగు రోజుల ముచ్చటే. ఒకసారి అనుకోకుండా దొరికింది నాకు. కారు అద్దం దించి అలాగే ఆగిపోయాం, ఎక్కడికి పోవాలనుకున్నామో మర్చిపోయి.

చూసి తీరాల్సిన చోట్లు తక్కువ ఉండటమే ఈ ఊరి గొప్ప. 5,300 అడుగుల పైన సేర్వరాయన్ గుడి ఉంది. గుహలోకి నడుం వంచి పోవాలి, లోపల రాయి చల్లగా చెమ్మగా తగులుతుంది. సాయంత్రం లేడీస్ సీట్ అనే కొండ అంచు దగ్గర కూర్చుంటే కింద సేలం దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. అంతే, ఇంకేం చేయనక్కర్లేదు. తమిళులు దీన్ని పేదల ఊటీ అంటారు, కాని మే నెలలో గది అద్దె అడిగితే ఆ పేరు మీద కాస్త అనుమానం వస్తుంది. చలి కోసమే పోయేవాళ్ళకు మాత్రం ఏర్కాడు చాలదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కొడైలో రెండు దుప్పట్లు కావాలి, ఇక్కడ ఒక స్వెట్టరు చాలు.

ఏలగిరి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 3,500 అడుగులే, మే ఎండ అక్కడికీ ఎక్కుతుంది. పుంగనూరు చెరువు (మన పుంగనూరు కాదు) ఒక గంటలో చుట్టేయొచ్చు. కానీ జోలార్‌పేట రైల్వే జంక్షన్ కొండ కిందే ఉంది, ఘాటు అరగంట, పద్నాలుగే మలుపులు, వాటికి తమిళ కవుల, రాజుల పేర్లు. కారు లేనివాళ్ళకూ, ఒక్క రాత్రే వీలైనవాళ్ళకూ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకూ ఇదే నయం.

నన్నడిగితే మామూలు శని, ఆదివారాలకు ఏర్కాడు. సోమవారమో శుక్రవారమో సెలవు కలిసొస్తే కొడై, అదీ ఈ-పాస్ చేతికొచ్చాకే గది తీసుకోండి. ఏర్కాడు నుంచి ఆదివారం మూడింటికల్లా దిగిపోండి. చెన్నై వైపు పోయేవాళ్ళు కుప్పనూరు ఘాటు పట్టుకుంటే సేలం ఊళ్ళోకి పోనక్కర్లేదు. దిగేముందు పావుకిలో మిరియాలు కొనుక్కోండి. మా అమ్మ ఇప్పుడు ఏర్కాడు మాటెత్తితే చెరువు గురించి అడగదు, డబ్బాలో మిరియాలు ఎన్నున్నాయో చూసుకుని వస్తుంది.