పాత టెక్స్ట్ ఆటల్లో వస్తువుల వర్ణన బాగుచేయాలంటే: జిల్ఫ్, ఫ్రాట్జ్‌ల మీద సమీక్ష

గండికోట మీద ఓ చిన్న టెక్స్ట్ ఆట, అంటే బొమ్మల్లేకుండా మాటలు చదువుతూ, ఆదేశాలు టైపు చేస్తూ ఆడేది, అనుకోండి. మాధవరాయస్వామి గుడి గూట్లో ఉన్న దీపాన్ని పూజారి పాత్ర తీసుకెళ్ళి పెన్నా లోయ అంచున పెడుతుంది. ఆటగాడు అక్కడికి పోయి చూస్తే "గూట్లో దీపం ఉంది" అని వస్తుంది. లోయ అంచున గూడెక్కడిది? ఇలాంటి బగ్గులు సరిచేయడానికి ఆటను తయారుచేసే జిల్ఫ్, తయారైన ఆటను నడిపే ఫ్రాట్జ్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు బాగా పనికొస్తాయి. అయితే ఒక్కదాన్నే నమ్ముకుంటే సగం పనే అవుతుంది.

ఇన్ఫోకామ్ కంపెనీ తన టెక్స్ట్ ఆటలు రాసుకున్న జిల్ భాషకు ఇప్పటి కంపైలర్ జిల్ఫ్. దాని పని ముగించి ఆట ఫైలు చేసిపెట్టే జాప్ఫ్ అనే అసెంబ్లర్ కూడా దాంతోపాటే వస్తుంది. ఆ కంపెనీ ఆట జోర్క్ మూడు భాగాల సోర్సునూ (ఆట రాసిన మూల కోడ్) 2025 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద విడుదల చేసింది కాబట్టి, చేయి తిరగడానికి అంతకన్నా మంచి సరుకు లేదు. ఒకసారి దించుకున్నాక నెట్‌తో పని లేదు. కడపలోనో ప్రొద్దుటూరులోనో హాస్టల్లో ఉండే కుర్రాళ్ళ పాత ల్యాప్‌టాప్ చాలు.

వాడకం సులువే. సోర్సు మార్చి, ప్రధాన ఫైలును జిల్ఫ్‌కు ఇస్తే జాప్ ఫైళ్ళు (మధ్య దశ కోడ్) వస్తాయి. వాటిని జాప్ఫ్‌కు ఇస్తే ఆట ఫైలు తయారు. తప్పులుంటే ఏ ఫైల్లో, ఎన్నో వరుసలో ఉన్నాయో జిల్ఫ్ చూపిస్తుంది. కోణ బ్రాకెట్టు ఒకటి తగ్గితే మాత్రం అసలు చోటు వదిలేసి ఎక్కడో కింద అరుస్తుంది.

అసలు కిటుకంతా జోర్క్ సోర్సులో జీవెర్బ్స్ అనే ఫైల్లో, డిస్క్రైబ్-ఆబ్జెక్ట్ అనే రొటీన్‌లో (ఒక పని చేసే కోడ్ ముక్క) ఉంది. నేల మీదున్న వస్తువుకు ముందుగా డెస్క్‌ఎఫ్‌సీఎన్, అంటే ఆ వస్తువును వర్ణించే సొంత రొటీన్, ఉందేమో చూస్తుంది. లేకపోతే, టచ్‌బిట్ (వస్తువును కదిపారని చెప్పే గుర్తు) పడనంతవరకు ఎఫ్‌డెస్క్, అంటే మొదటిసారి వర్ణన వాక్యం, అచ్చేస్తుంది. ఆ తర్వాత ఎల్‌డెస్క్, అంటే మామూలు వర్ణన వాక్యం. అదీ లేకుంటే "దేర్ ఈజ్ ఎ" అని మొదలుపెట్టి వస్తువు పేరు తగిలిస్తుంది. గూటి దీపం గొడవ ఎఫ్‌డెస్క్ దగ్గరే. ఆటగాడు చేత్తో తీసుకుంటే టచ్‌బిట్ దానంతటదే పడుతుంది. వేరే పాత్ర చేత మూవ్ అనే ఆదేశంతో జరిపిస్తే పడదు. మూవ్ కింద ఎఫ్‌సెట్ ఆదేశంతో టచ్‌బిట్ పెట్టే వరుస ఒకటి రాస్తే సరి. జోర్క్‌లో దొంగ సామాను కొట్టేసే రొటీన్‌లో ఈ జాగ్రత్త తీసుకున్నారు, చూసి నేర్చుకోవచ్చు.

ఇంకోటి. దీపం వెలిగించి నేల మీద పెడితే వెలుగునిస్తోందన్న మాట చివరి రకం వాక్యానికే తగులుతుంది. ఎల్‌డెస్క్ రాసిన వస్తువుకు ఆ మాట రాదు. దీపానికి ఎల్‌డెస్క్ తీసేయడమే తేలికైన మందు. ఇంగ్లీషు పేరు అచ్చు అక్షరంతో మొదలైతే "ఆన్" రావాలి కాబట్టి "ఎ" తప్పవుతుంది, అలాంటి వాటికి మాత్రం ఎల్‌డెస్క్ రాయక తప్పదు. డెస్క్‌ఎఫ్‌సీఎన్ రాసినప్పుడు చివర్లో నిజం అని తిరిగి చెప్పకపోతే అదే వస్తువు వర్ణన రెండుసార్లు వస్తుంది.

ఇవేవీ జిల్ఫ్ పట్టుకోదు, వాక్యనిర్మాణం సరిగ్గా ఉంటే చాలు దానికి. ఇక్కడే ఫ్రాట్జ్ అవసరం. కమాండ్ లైన్‌లో హైఫన్, చిన్న ఇంగ్లీషు ఏ అక్షరం (-a) ఇచ్చి ఆట నడిపితే ఏ వస్తువుకు ఏ బిట్టు ఎప్పుడు పడిందో తెర మీద చూపిస్తుంది. చిన్న ఓ (-o) ఇస్తే వస్తువుల కదలికలన్నీ కనిపిస్తాయి. పూజారి దీపాన్ని జరిపిన వరుస వచ్చి, టచ్‌బిట్ వరుస రాకపోతే బగ్గు దొరికినట్టే. చిన్న చిరాకేమిటంటే బిట్టు పేరు చెప్పదు, నంబరే ఇస్తుంది. ఏ నంబరు దేనిదో జాప్ ఫైళ్ళలో వెతుక్కోవాలి.

సొంత వస్తువులు చేర్చేవాళ్ళు హద్దులు తెలుసుకోవాలి. జోర్క్ వాడే ఆట ఫైలు రకం 3వ వెర్షన్‌లో 255 వస్తువులు, 32 బిట్లు, మొత్తం ఫైలు 128 కేబీ దాటకూడదు. తెలుగు అక్షరాలు అందులో అచ్చు కావు, గండికోట అని ఇంగ్లీషు లిపిలోనే రాసుకోవాలి.

ఆటను మళ్ళీ కంపైల్ చేశాక పాత సేవ్ ఫైళ్ళు పనిచేయవు. ఫ్రాట్జ్‌లో ఆల్ట్, ఆర్ నొక్కి ఆదేశాలు రికార్డు చేసి పెట్టుకోండి. కొత్త ఫైల్లో ఆల్ట్, పీ నొక్కితే మొత్తం మళ్ళీ నడుస్తుంది. దొంగ లాంటి పాత్రలు ఇష్టమొచ్చినట్టు తిరగకుండా రెండుసార్లూ హైఫన్, చిన్న ఎస్‌తో (-s) ఒకే ర్యాండమ్ నంబరు ఇవ్వండి.