ఫ్రీబీఎండీలో పేజీ నంబరు: చాలా ఏళ్ల వాడకం తర్వాత

విక్టోరియా కాలపు ఇంగ్లండ్ కుటుంబాలను వెతకడానికి డబ్బు కట్టి వాడే సైట్లు చాలానే ఉన్నాయి. నేనూ ఒకదానికి ఏళ్ల తరబడి చందా కట్టాను. అయినా ఇవాళ్టికీ మొదట తెరిచేది, జనన, వివాహ, మరణాల ప్రభుత్వ ఇండెక్స్‌ను వాలంటీర్లు ఎక్కించి ఉచితంగా పెట్టిన ఫ్రీబీఎండీ సైటునే, అదీ ఒకే ఒక్క సదుపాయం కోసం. పెళ్లిళ్ల ఇండెక్స్‌లో పేజీ నంబరు మీద నొక్కితే ఆ పేజీలో ఉన్న మిగతా పేర్లన్నీ వచ్చేస్తాయి.

అదేం గొప్ప అంటారేమో. 1912కి ముందు ఇండెక్స్‌లో పెళ్లికొడుకు పక్కన పెళ్లికూతురి ఇంటిపేరు వేసేవారు కాదు. అక్షరక్రమంలో ఎవరి చోట వాళ్లుంటారు. ఇద్దరినీ కలిపేది రిజిస్ట్రేషన్ జిల్లా, వాల్యూమ్, పేజీ నంబరు, అంతే. ఇద్దరి పేర్లూ ముందే తెలిస్తే తప్ప లావుపాటి పుస్తకాల్లో జోడీ కలపడం అయ్యే పని కాదు. ఇక్కడ ఒక్క క్లిక్కుతో జోడీ దొరికిపోతుంది.

మాది రాజమండ్రి. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేం కొన్నది విక్టోరియా కాలపు టెరస్ ఇల్లు, అంటే వరసలో పక్కిళ్లతో గోడలు కలిసినది. ఈ దేశంలో మాకు పూర్వీకులెవరూ లేరు కాబట్టి ఇంటి పూర్వీకులను వెతకడం మొదలుపెట్టాను. 1871 సెన్సస్‌లో, అంటే ఏప్రిల్ 2 రాత్రి, ఈ ఇంట్లో పడుకున్నవాళ్లు వీళ్లు: బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఇంటాయన, భార్య, ముగ్గురు పిల్లలు, భార్య చెల్లెలు. 1881లో ఇంటాయన ఆయనే, పెద్దపిల్లా ఆ పిల్లే. భార్య పేరు మాత్రం మారింది, వయసూ తగ్గింది. పుట్టిన ఊరు మళ్లీ విల్ట్‌షైర్‌లోని ఆ పల్లెటూరే. మరదలు కనబడదు.

ఏం జరిగిందో మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యలో మొదటి భార్య పోయినట్టు మరణాల ఇండెక్స్‌లో ఉంది. మిగిలింది రెండో పెళ్లి రుజువు. అదే దొరకలేదు. రెడింగ్ జిల్లాలో లేదు, చుట్టుపక్కల లేదు, విల్ట్‌షైర్‌లోనూ లేదు. చందా కట్టిన సైటేమో లాంకషైర్‌లో అదే పేరున్న ఇంకెవరో గని కార్మికుణ్ణి ‘ఇతనేనేమో చూడండి’ అంటూ రోజూ చూపించేది. వద్దని కొట్టేసినా మళ్లీ వచ్చేవాడు. ఆ సైటు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

చివరికి ఫ్రీబీఎండీలో జిల్లా గడి ఖాళీగా వదిలేసి, మరదలి పేరుతో వెతికాను. ఆమె ఇంటిపేరు 1871 సెన్సస్‌లోనే ఉంది కదా. లండన్‌లో, లాంబెత్‌లో 1876 నాటి ఎంట్రీ ఒకటి వచ్చింది. పేజీ నంబరు నొక్కితే నాలుగు పేర్లు. అందులో మా ఇంటాయన!

రెడింగ్‌లో ఉన్నవాళ్లు లాంబెత్ దాకా ఎందుకు వెళ్లారంటే చట్టం వల్ల. 1835 చట్టం ప్రకారం, చనిపోయిన భార్య అక్కనో చెల్లెలినో చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. 1907లో గానీ ఆ నిషేధం పోలేదు. డబ్బున్నవాళ్లు దేశం దాటేవారు. చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్ భార్య పోయాక ఆమె చెల్లెలిని పెళ్లాడటానికి 1875లో స్విట్జర్లాండ్ వెళ్లాడు. ఫ్యాక్టరీ పనివాడు అంతదూరం పోలేడు. వీళ్లనెవరూ ఎరగని పెద్ద పేటలో చర్చి వాళ్లు మూడు ఆదివారాలు పేర్లు చదివినా అభ్యంతరం చెప్పేదెవరు? సర్టిఫికెట్ తెప్పిస్తే ఇద్దరికీ లాంబెత్ అడ్రసే ఉంది. పెళ్లికూతురి తండ్రి పేరు, వ్యవసాయ కూలీ అన్న వృత్తి, అక్క పెళ్లి సర్టిఫికెట్‌లో ఉన్నవే. 1911 సెన్సస్ కాగితాలు ఇంటివాళ్లే నింపినవి. పెళ్లయి ఎన్నేళ్లయిందన్న గడిలో ఈ పెళ్లికి సరిపోయే అంకే వేశారు.

ఇదంతా ఫోన్లో చెబితే మా అమ్మ, “అందులో తప్పేముందే, లేకపోతే ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?” అంది. మేనరికానికి మాత్రం వాళ్ల చట్టంలో అడ్డే లేదు. విక్టోరియా రాణి 1840లో చేసుకున్న ఆల్బర్ట్ ఆమెకు సొంత మేనమామ కొడుకు. డార్విన్ భార్య ఆయన మేనమామ కూతురు. అలాంటి పెళ్లిళ్ల గురించి 1871 సెన్సస్‌లో ఒక ప్రశ్న పెట్టించాలని డార్విన్ ప్రయత్నించాడు కూడా, పార్లమెంటు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే నాలాంటివాళ్లకు పండగే.

‘జోడీ దొరికిపోతుంది’ అని పైన రాశాను గానీ, నిజానికి దొరికేవి పేర్లే. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు ఉంటే ఎవరికి ఎవరో ఆ పేజీ చెప్పదు, తర్వాతి సెన్సస్ చూసి తేల్చుకోవాలి. 1852కి ముందు పేజీల్లో పేర్లు ఇంకా ఎక్కువ, తలనొప్పీ ఎక్కువే. వాలంటీర్లు పేజీ నంబరు తప్పుగా చదివితే ముక్కూమొహం తెలియనివాళ్లు వస్తారు. సర్టిఫికెట్‌కి 12.50 పౌండ్లు. జనన మరణాలకైతే చవకలో డిజిటల్ కాపీ ఇస్తున్నారు, పెళ్లిళ్లకు ఇంకా లేదు. ప్రభుత్వం దగ్గరున్నది చర్చి రిజిస్టరు చూసి రాసి పంపిన నకలు కాబట్టి అందులో సంతకాలు కూడా వాళ్ల చేతివి కావు. పెళ్లికూతురికి రాయడం వచ్చో రాదో చూడాలంటే అసలు రిజిస్టరు బొమ్మ కావాలి. అది మళ్లీ చందా సైట్లోనే.

మన గోదావరి జిల్లాల దొరల కోసం వెతికేవాళ్లకు ఇది అంతగా పనికిరాదు. ఇందులో ఉన్నది ఇంగ్లండ్, వేల్స్ మాత్రమే. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి పెళ్లిళ్ల రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ కాగితాల్లో ఉన్నాయి. కాటన్ దొర పెళ్లయితే అక్కడా దొరకదు, ఆయన 1841లో టాస్మేనియాలో చేసుకున్నాడు.

నాకు కలిసొచ్చింది ఆ మరదలి ఇంటిపేరు. జిల్లా వదిలేసి వెతికినా పట్టుమని పదిమంది రానంత అరుదైనది. స్మిత్‌లనో జోన్స్‌లనో వెతికేవాళ్లకు ఇంత గట్టిగా చెప్పలేను. ఇక్కడ లైబ్రరీలో కూర్చుంటే చందా సైటు ఉచితం కాబట్టి ఇంట్లో చందా మానేశాను. హైదరాబాద్‌లో కూర్చుని వెతకాల్సి వస్తే బహుశా మానేదాన్ని కాదు, ఆ లాంకషైర్ ఆయన్ని భరిస్తూ కట్టేదాన్నే.