పర్లాకిమిడిలో డీవీడీ కాపీ సాఫ్ట్‌వేర్ కీ కొనేవాళ్లు కాస్త ఆగండి

పర్లాకిమిడి వాళ్లైనా గునుపురం వాళ్లైనా, ఇంట్లో పాత డీవీడీలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుందామని కాపీ సాఫ్ట్‌వేర్‌కి "లైఫ్‌టైమ్ కీ" (అది పూర్తిగా పనిచెయ్యడానికి కొట్టే కోడ్) కొనే ఆలోచన ఉంటే మానుకోండి. ఎవరి దగ్గరో చెప్పక్కర్లేదు, ఆయనే, ఊళ్లో సగం మంది కంప్యూటర్లు బాగుచేసేది ఆయనేగా. పేరు రాస్తే మళ్లీ అదో గొడవ. ఇప్పుడే అక్కణ్ణుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

అమ్మకి పాత తెలుగు సినిమాలంటే ప్రాణం. నాన్న పలాస వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో ఒరిజినల్ డీవీడీలు పట్టుకొచ్చేవారు, మోజర్ బేర్ కంపెనీ వాళ్లు వీసీడీ 28కి, డీవీడీ 34కి ఇచ్చిన రోజులు, బీరువా మీద ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి. ప్లేయర్ ట్రే బయటికి రావడం మానేసింది, టీవీకి యూఎస్‌బీ ఉంది, ఇంతే సంగతి. దీనికోసం 1,500 ఫోన్‌పే కొట్టాను, బిల్లు అడగలేదు, తెలివితేటలు మరి.

డెమో మాత్రం బ్రహ్మాండంగా చూపించాడు. మా చెల్లి పెళ్లి డీవీడీ పెట్టి చకచకా కాపీ చేసేశాడు. పెళ్లి డీవీడీకి లాక్ ఎక్కడుంటుందండీ? స్టూడియో వాళ్లు కంప్యూటర్లో రైట్ చేసిచ్చిన డిస్క్ అది, అడుగు ఊదా రంగులో ఉంటుంది. ఫ్యాక్టరీలో అచ్చేసిన సినిమా డిస్క్ వెండి రంగులో మెరుస్తుంది, వాటిల్లో చాలావాటికి సీఎస్ఎస్ అని లాక్ వేసి ఉంటుంది, అది విప్పకుండా కాపీ చేస్తే వచ్చేది సినిమా కాదు చెత్త. ఇంటికొచ్చి పెడితే అదే వచ్చింది. హీరో మొహం నిండా ఆకుపచ్చ గళ్లు, పాట బదులు గరగర, వీటన్నిటి మీదా అడ్డంగా "ట్రయల్" అని లావుపాటి అక్షరాలు. అమ్మ చూసి "డిష్ మీద కాకి కూర్చుందేమో చూడరా" అంది.

ఫోన్ చేస్తే ఆంటీవైరస్ ఆపి మళ్లీ ఎక్కించమన్నాడు, ఆపాను, అప్పట్నుంచి బ్రౌజర్ తెరిస్తే రమ్మీ ప్రకటనలు, కీ కొడితే ఇది ఇప్పటికే వేరే కంప్యూటర్లలో వాడేశారు అని మెసేజ్. అంటే ఒకే కీ ఎంతమందికి అమ్మాడో.

ఇదంతా ఒక ఎత్తు, షాపులో జరిగింది ఒక ఎత్తు. నేను మెల్లగానే అడిగాను, అన్నా ఇది పనిచెయ్యట్లేదు, వేరే కీ అయినా ఇయ్యి లేదా డబ్బులైనా ఇయ్యి అని. తలెత్తకుండా, షాపులో అందరికీ వినబడేలా, "సినిమా డిస్కులు కాపీ కొడతావేటి బాబూ? దాన్ని పైరసీ అంటారు. కేసు అవుద్ది. నేను పెళ్లి వీడియోలకిచ్చాను గానీ దొంగ పనులకి కాదు" అన్నాడు. మా వీధి మాస్టారు పక్కనే ప్రింటవుట్ కోసం నిలబడి ఉన్నారు, నన్ను ఓ చూపు చూశారు చూడండి, ఆ చూపు 1,500 కంటే ఎక్కువ ఖరీదు. ఇంతకీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి ఏం చేస్తోందో తెలుసా? ఓ కుర్రాడి పెన్ డ్రైవ్‌లో పోయిన శుక్రవారం రిలీజైన సినిమా ఎక్కిస్తోంది! 50 రూపాయలు. హాల్లో కెమెరా పెట్టి తీసిన ప్రింట్, స్క్రీన్ మీద ముందు సీటువాడి తలకాయ కూడా కనబడుతోంది. ఆయనేమో వ్యాపారి, నాన్న కొన్న డిస్క్ పట్టుకెళ్లిన నేను దొంగని.

సగం కోపం ఈయన మీద, మిగతా సగం సినిమా కంపెనీల మీద. ఆ సీఎస్ఎస్ లాక్‌ని విప్పే ప్రోగ్రామ్ 1999లోనే బయటికొచ్చేసింది, అందులో చెయ్యి ఉన్న నార్వే కుర్రాడికి అప్పుడు 15 ఏళ్లు. కేసు పెట్టారు, 2003లో అక్కడి కోర్టులు, తను కొనుక్కున్న డిస్క్ తను తెరిచి చూసుకుంటే నేరమేంటని వదిలేశాయి. దొంగలకి ఆ లాక్‌తో పనే లేదు, వాళ్లది కెమెరా ప్రింట్. ముందు గుమ్మానికి తాళాలు, వెనక గోడే లేదు. 2005లో సోనీ బీఎంజీ అయితే పాటల సీడీల్లో కాపీ ఆపడానికి దొంగచాటు సాఫ్ట్‌వేర్ పెట్టింది, ఒరిజినల్ కొన్న వాళ్ల కంప్యూటర్లే పాడయ్యాయి, చివరికి సీడీలు వెనక్కి తీసుకున్నారు.

మన దగ్గర చట్టాల్లేవా అంటే ఉన్నాయి. ఇలాంటి లాక్ విప్పడం మీద 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ పెట్టారు, రెండేళ్ల దాకా జైలు, అయితే అది హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో విప్పేవాళ్లకి. హాల్లో కెమెరా పెట్టేవాళ్లకి సినిమాటోగ్రాఫ్ చట్టం 2023 సవరణలో తక్కువలో తక్కువ 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా. ఆ 50 రూపాయల కౌంటర్ దాకా మాత్రం ఇవేవీ నడిచి రాలేదు. నన్నడిగితే పైరసీకి నిజంగా దెబ్బ కొట్టింది ఆ 34 రూపాయల డీవీడీయే. నాన్న ఫుట్‌పాత్ డిస్కులు మానేసింది పోలీసులకి భయపడి కాదు, ఒరిజినల్ కూడా అదే రేటుకి వస్తోందని. డిస్క్ కొన్నవాళ్లకి టీవీలో ఆడే ఒక ఫైల్ కూడా వాళ్లే ఇచ్చి ఉంటే ఈయన మొహం చూసే ఖర్మ నాకెందుకు?

ఆఁ, జాగ్రత్తలు. డెమోకి పెళ్లి డిస్క్ కాదు, మీ ఇంటి వెండి రంగు సినిమా డిస్కే తీసుకెళ్లి పెట్టమనండి, కాపీ అయింది చివరిదాకా ఆడించి చూడండి. ఆంటీవైరస్ ఆపమంటే లేచి వచ్చెయ్యండి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ ఉచితమే, పెళ్లి వీడియోలకి అది చాలు, డబ్బులు పెట్టక్కర్లేదు (లాక్ ఉన్నవి దానంతట అది తెరవదు, అది కూడా తెలుసుకోండి). బిల్లు తీసుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామంటే నా దగ్గర ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తప్ప ఏమీ లేదు.

ఆయన దగ్గర ఇదే కీ కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఆదివారం షాపు తెరిచే టైముకి కలిసి వెళ్దాం. మాస్టారిని కూడా తీసుకొస్తాను.