డాలస్ తెలుగు తల్లిదండ్రులూ, చీర్ జిమ్ కాగితాల మీద సంతకానికి ముందు ఇది చదవండి

మే నెల చీర్‌లీడింగ్ ట్రైఅవుట్లు (టీమ్ సెలెక్షన్లు) దగ్గరపడుతున్నాయి. ఫ్రిస్కో, ప్లేనో వైపు మన పిల్లలు కూడా ఆల్‌స్టార్ చీర్‌లో, అంటే స్కూలు తరఫున కాకుండా ప్రైవేట్ జిమ్‌లు పోటీలకి నడిపే చీర్‌లీడింగ్ టీమ్‌లలో, చేరుతున్నారు కాబట్టి, పోయిన సీజన్‌లో మాకు తగిలిన దెబ్బ చెప్తున్నాను. జిమ్ పేరు రాయను. ఇలాంటి షరతు మీరు చూస్తున్న జిమ్‌లో కూడా ఉండొచ్చు.

మా పాపకి పన్నెండేళ్లు. లెవెల్ 2 (కష్టాన్ని బట్టి పెట్టే మెట్లలో రెండోది) టీమ్‌లోకి తీసుకున్నామని రాత్రి పదింటికి ఈమెయిల్ వచ్చింది, రేపు సాయంత్రంలోగా సంతకం పెట్టి డబ్బు కడితేనే చోటు ఖాయం అన్నారు. పాప సోఫా మీద ఎగురుతోంది. నేను ఫోన్‌లోనే పద్నాలుగు పేజీలూ గబగబా కిందికి జరిపేసి సంతకం పెట్టేశాను. మా ఆయన "చదివావా?" అని అడిగారు. చదివాననే చెప్పాను.

తొమ్మిదో పేజీలో ఉందట అసలు సంగతి. సీజన్ అయ్యేదాకా, జిమ్ రాసి ఇచ్చిన అనుమతి లేకుండా, మరే చోటా, మరే కోచ్ దగ్గరా టంబ్లింగ్ (పల్టీలు), స్టంట్స్ (మనిషిని పైకెత్తే విన్యాసాలు), జిమ్నాస్టిక్స్, డాన్స్ నేర్చుకోకూడదు. మీరితే టీమ్ నుంచి తీసేస్తారు, కట్టింది తిరిగి రాదు, పైగా 500 డాలర్లు కట్టాలి. డాన్స్ అని కూడా ఉంది, చూశారా? ఆ లెక్కన మా పాప ఆదివారం కూచిపూడి క్లాసు కూడా నేరమే!

అక్టోబర్‌లో పాపకి బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి దూకి చేతుల మీదుగా మళ్లీ కాళ్ల మీద నిలబడే పల్టీ) పోయింది. మెంటల్ బ్లాక్ అంటారు దీన్ని, చీర్ పిల్లలున్న ఇళ్లల్లో అందరికీ తెలిసిన మాటే. నిన్నటిదాకా చకచకా చేసిన పిల్ల ఇవాళ చేతులు పైకెత్తి అలా నిలబడిపోతుంది, వెనక్కి దూకదు. బలం లేక కాదు, భయం. లెవెల్ 2 టంబ్లింగ్‌కి ప్రాణమే ఆ హ్యాండ్‌స్ప్రింగ్. పైగా టీమ్‌లో ఎంతమంది చేశారన్నదాన్ని బట్టి కూడా మార్కులుంటాయి కాబట్టి కోచ్‌లకీ టెన్షనే. ప్రైవేట్ లెసన్ అడిగితే జనవరి దాకా ఖాళీ లేదన్నారు. క్లాసులోనేమో "వేసేయ్, వేసేయ్" అని అరుపులు. ప్రాక్టీస్ ఉన్న రోజు పాప మధ్యాహ్నం నుంచే కడుపునొప్పి అనేది.

చూడలేక ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక జిమ్నాస్టిక్స్ స్కూల్‌కి తీసుకెళ్లాను. అక్కడ కోచ్ ఒక పెద్దావిడ. మొదటి రెండు వారాలు పాపని అసలు దూకనివ్వలేదు. మెత్తటి ఫోమ్ పీపా మీద వెనక్కి దొర్లించడం, వాలు మ్యాట్ మీద నెమ్మదిగా దించడం, అంతే. ఐదో వారానికి ఆవిడ నడుం దగ్గర చెయ్యి ఆనిస్తే చాలు, పాప దూకేసింది. ఆ సంతోషంలో వీడియో తీసుకెళ్లి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

రెండు రోజులకి జిమ్ యజమాని నుంచి ఫోన్. తొమ్మిదో పేజీ చదివి వినిపించింది. మీ దగ్గర కోచ్ దొరకలేదు కాబట్టే వెళ్లాం అంటే, ముందు అనుమతి అడగాల్సింది అంది. పాపని రొటీన్ (పోటీలో టీమంతా కలిసి చేసే ప్రదర్శన) నుంచి తీసేశారు. నెల ఫీజు, కొరియోగ్రఫీ, మ్యూజిక్, పోటీల ఫీజులు కలిపి అప్పటికే 2,600 డాలర్లు కట్టాం. ఆటోపేలో ఉన్న కార్డు నుంచి ఆ 500 కూడా లాగేసుకున్నారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య ఇదంతా విని, "డబ్బులూ మనమే ఇచ్చి, అనుమతీ మనమే అడుక్కోవాలా?" అన్నారు.

జిమ్ వైపు న్యాయం లేదనను. రొటీన్ రెండున్నర నిమిషాలే, కానీ స్టంట్ గ్రూపులో ఒక ఫ్లయర్‌ని ఇద్దరు బేసులు ఎత్తుతారు, వెనక బ్యాక్‌స్పాట్ కాస్తుంది. అందులో ఒక్కరు సీజన్ మధ్యలో వేరే జిమ్‌కి పోతే మిగతా ముగ్గురి పనీ గోవిందా. పైగా టెక్సాస్‌లో చీర్ ఇవాళ్టిది కాదు. 1948లో ఎన్‌సీఏని (నేషనల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్‌ని) పెట్టిన లారెన్స్ హెర్కిమర్ మన టెక్సాస్ మనిషే, చీర్‌లో వేసే హెర్కీ జంప్‌కి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అలాంటి చోట జిమ్‌కీ జిమ్‌కీ మధ్య పిల్లల్ని లాక్కునే భయం ఉండదా? ఇద్దరు కోచ్‌లు రెండు రకాలుగా నేర్పితే పిల్ల తికమకపడి దెబ్బ తగిలించుకోవచ్చన్నది కూడా నిజమే. అందుకే ఒక సీజన్‌లో ఒక జిమ్ టీమ్‌కే పోటీ చెయ్యాలంటే నేను ఒప్పుకుంటాను. కానీ పోటీతో సంబంధం లేకుండా, భయం పోగొట్టుకోవడానికి నేర్చుకునే గంటని కూడా ఆపడం ఏమిటి? తన దగ్గర కోచ్ లేనప్పుడు కూడా?

మా ఆయన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి నాన్‌కాంపీట్ షరతులు (ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతులు) ఆయనకి తెలుసు. "అది జీతం తీసుకునేవాడికి పెడతారు, ఇక్కడ జీతం ఇచ్చేవాళ్లకి పెట్టారు" అన్నారు. కోర్టుకి పోదామా అనుకున్నాం గానీ, ఉద్యోగుల నాన్‌కాంపీట్‌లనే నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో రూలు తెస్తే, ఆ ఏడాది ఆగస్టులోనే మన డాలస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది, ఇక మా మాట ఎవరు వింటారు? చీర్ పోటీలు, యూనిఫాంల రేట్ల మీద వేసిన కేసులో చీర్ పోటీలు నడిపి యూనిఫాంలు అమ్మే వార్సిటీ కంపెనీ వాళ్లు 2024లో 82.5 మిలియన్ డాలర్లకి రాజీపడ్డారు నిజమే, కానీ అది ఏళ్ల తరబడి నడిచిన పెద్ద కేసు. మూడు వేల డాలర్ల కోసం లాయర్‌ని పెట్టుకుంటే లాయర్ ఫీజుకే సరి.

కాబట్టి ఏం చేసినా సంతకానికి ముందే చెయ్యాలి. అగ్రిమెంట్ ట్రైఅవుట్‌కి ముందే అడిగి తెచ్చుకోండి. సెలెక్టయ్యాక పిల్ల మొహం చూస్తూ ఎవరూ సరిగా చదవలేరు. బయటి శిక్షణ గురించి ఎక్కడుందో వెతకండి. స్కూల్ చీర్, జిమ్నాస్టిక్స్, మన డాన్స్ క్లాసులు అందులోకి వస్తాయా అని ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు దాచుకోండి. నోటిమాటగా "అబ్బే, మేం పట్టించుకోం" అంటే, అయితే ఆ లైను కొట్టేసి సంతకం పెట్టండి అనండి. మా ఫ్రెండ్ ఒకావిడ ఇలాగే అడిగితే, రెండు వారాల్లో ప్రైవేట్ లెసన్ దొరక్కపోతే బయటికి వెళ్లొచ్చని రాసిచ్చారు. అంటే అడిగితే ఇస్తారన్నమాట, నేనే అడగలేదు. ఆటోపేకి మాత్రం డెబిట్ కార్డు ఇవ్వకండి. క్రెడిట్ కార్డయితే కనీసం బ్యాంకుకి ఫిర్యాదు చేసుకునే దారి తేలికగా ఉంటుంది.

పాప ఇప్పుడు ఆ పెద్దావిడ దగ్గరే నేర్చుకుంటోంది, సాయం లేకుండా వరసగా రెండు హ్యాండ్‌స్ప్రింగ్‌లు చేస్తోంది. మళ్లీ టీమ్‌లో చేరతావా అంటే ఇంకా ఏమీ చెప్పడం లేదు. విడిగా 450 డాలర్లు పెట్టి కొన్న, రాళ్లు పొదిగిన యూనిఫాం క్లోజెట్‌లో వేలాడుతోంది. ఛాతీ మీద ఆ జిమ్ లోగో ఉంది కాబట్టి అమ్ముదామన్నా ఎవరూ కొనరు.